కథ మర్చిపోయినా అలవాటు మిగిలింది
చిన్నప్పుడు చదివినవి పేరుకే గుర్తుంటాయనీ, మనిషిని మలిచేవి పెద్దయ్యాక చదివిన పుస్తకాలేననీ ఒక వ్యాసంలో అన్న మాట నేను ఒప్పుకోలేను. మాది చెన్నై. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. నాకు చదవడం వచ్చింది చందమామ వల్లే, 1947లో ఈ ఊళ్లోనే మొదలైన పత్రిక అది. అమ్మ పిండి రుబ్బుతుంటే పక్కన కూర్చుని కూడబలుక్కుంటూ చదివేవాణ్ణి. ఒత్తు తప్పితే చెయ్యి ఆపకుండానే సరిచేసేది. శంకర్ గారు వేసిన విక్రమార్కుడి బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి, ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. కథలు చాలావరకు మర్చిపోయాను, నిజమే. కానీ బేతాళుడు ప్రశ్న అడిగే చోట అమ్మ పుస్తకం మూయించి "నువ్వైతే ఏం చెప్తావురా?" అనేది. రాజు జవాబు ఆ తర్వాతే. ఇవాళ ఆఫీసులో ఇద్దరి మధ్య గొడవ తేల్చాల్సి వస్తే, ఇంకొకరి అభిప్రాయం అడిగేముందు నాదేమిటో తేల్చుకుంటాను. పెద్దయ్యాక ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీకి వెళ్లి మంచి పుస్తకాలెన్నో చదివాను, వాటి విలువ తక్కువని అనను. వాటిని అందుకునేంత తెలుగు మాత్రం ఆ నెలపత్రికే ఇచ్చింది.