బీటిల్స్ డెమోలను ఎవరూ దాచిపెట్టలేదు: ఒక వాట్సాప్ కథనానికి ఖండన

చెన్నైలోని తెలుగు సంగీతాభిమానుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక పొడవాటి సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అనే నలుగురి బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ 1970లో విడిపోయే ముందు ఒక పూర్తి ఆల్బమ్‌కు సరిపడా డెమోలను, అంటే పాటల చిత్తు రికార్డింగులను, రహస్యంగా రికార్డు చేసిందట; రికార్డు కంపెనీ వాటిని యాభై ఏళ్లకు పైగా లండన్‌లో తాళం వేసి దాచిందట; 2023లో వచ్చిన 'నౌ అండ్ దెన్' ఆ పాటల్లో ఒకటేనట, అయితే అందులోని జాన్ లెనన్ గొంతు ఏఐతో పుట్టించినదట; ఆ టేపుల నిండా తగవులే ఉన్నాయి కాబట్టి బయటికి రానివ్వలేదట; ఇప్పుడు హక్కుల గడువు తీరిపోయింది కనుక వాటిని ఎవరైనా వాడుకోవచ్చట. సందేశం చివర ఒక ఆడియో ఫైలు కూడా ఉంటుంది. వడపళని, సాలిగ్రామం రికార్డింగ్ థియేటర్లలో ఏళ్ల తరబడి పనిచేసి, ట్రాక్‌కూ ఫైనల్ మిక్స్‌కూ తేడా నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవారు సైతం దీన్ని వెనకాముందూ చూడకుండా పంపుతున్నందువల్ల, ఇందులోని మాటలను ఒక్కొక్కటిగా పరిశీలించవలసి వస్తోంది.

ముందుగా ఆ ఆడియో ఫైలు సంగతి చూద్దాం, ఎందుకంటే సందేశానికి బలమంతా దానివల్లే వచ్చింది. 'లోకం ఇంతవరకూ వినని రికార్డింగ్' అని దానికి పేరు పెట్టారు. వింటే అకూస్టిక్ గిటార్లు, చప్పట్లు, ఒక గొంతు మీద అదే గొంతును రెండోసారి పాడించి కలిపిన జాడ తెలుస్తాయి. ఒక పాటలో, బృందం 1968 ఆరంభంలో ధ్యానం కోసం వెళ్లిన రిషీకేశ్ పేరు వినిపిస్తుంది. మరో పాట, 'డియర్ ప్రూడెన్స్', చివరికి వచ్చేసరికి లెనన్ పాడడం ఆపి, రిషీకేశ్‌లో ధ్యానంలో మునిగిపోయిన ఒక అమ్మాయి కథను మాటల్లో చెబుతాడు. ఈ గుర్తులు చాలు. ఇవి 1968 మే నెలాఖరులో, ఇంగ్లండ్‌లోని సర్రీలో, ఎషర్ అనే ఊళ్లో ఉన్న జార్జ్ హారిసన్ ఇంట్లో, ఆయన సొంత ఆంపెక్స్ నాలుగు ట్రాకుల టేప్ యంత్రం మీద రికార్డయిన 'ఎషర్ డెమోలు'. అంటే విడిపోవడానికి దాదాపు రెండేళ్ల ముందువి. వీటిలో కొన్ని 1996లో 'ఆంథాలజీ 3'లోనూ, మొత్తం 27 డెమోలు 2018లో, బీటిల్స్ 1968 నాటి 'వైట్ ఆల్బమ్' యాభయ్యేళ్ల ప్రత్యేక ప్రచురణలోనూ విడుదలయ్యాయి. డబ్బు పెట్టి కొనుక్కోదగిన డిస్కును రహస్యమని పంచుతున్నారన్నమాట.

ఈ 27 పాటల లెక్కను కొంచెం నిదానంగా చూడడం మంచిది, ఎందుకంటే 'దాచిన ఆల్బమ్' అనే ఊహ మొత్తం ఇక్కడే వీగిపోతుంది. వీటిలో 19 పాటలు 1968 నవంబరులో వచ్చిన 'వైట్ ఆల్బమ్'లో చేరాయి. మిగిలినవి ఎనిమిది. వాటిలో 'మీన్ మిస్టర్ మస్టర్డ్', 'పాలిథీన్ పామ్' 1969లో 'అబే రోడ్' రెండో వైపు పాటల వరుసలోకి వెళ్లాయి. 'జంక్' పాటను పాల్ మెకార్ట్‌నీ 1970 నాటి తన తొలి సొంత ఆల్బమ్‌లో పెట్టుకున్నారు. రిషీకేశ్ పేరున్న 'చైల్డ్ ఆఫ్ నేచర్' బాణీని లెనన్ అలాగే ఉంచి, మాటలు పూర్తిగా మార్చి, 1971లో 'జెలస్ గై'గా విడుదల చేశారు. 'సోర్ మిల్క్ సీ'ని హారిసన్ జాకీ లొమాక్స్ అనే గాయకుడికి ఇచ్చారు, అది 1968లోనే బీటిల్స్ సొంత రికార్డు కంపెనీ ఆపిల్ నుంచి సింగిల్‌గా (విడి పాటగా) వచ్చింది. 'నాట్ గిల్టీ' 1979లో, 'సర్కిల్స్' 1982లో హారిసన్ సొంత ఆల్బమ్‌లలో చోటు చేసుకున్నాయి. 'వాట్స్ ద న్యూ మేరీ జేన్' స్టూడియో రూపం 1996లో బయటికి వచ్చింది. ఎనిమిదికి ఎనిమిదీ లెక్క తేలాయి. ఒక పాట ఏ ఆల్బమ్‌లోనూ పట్టక పదకొండేళ్లు ఆగి ఉండవచ్చు. ఆగడం వేరు, దాచడం వేరు. మన కోడంబాక్కంలో అసలు గాయకుడి డేటు దొరికేలోపు మరొకరు పాడిపెట్టే ట్రాక్ ఎలాంటిదో ఈ డెమోలూ అలాంటివే: పని నడవడానికి చేసుకున్నవి తప్ప అమ్మకానికి చేసినవి కావు.

అది 1968 సంగతి, మేము అంటున్నది చివరి రోజుల గురించి అని సందేశం తరఫున ఎవరైనా వాదించవచ్చు. చివరి రోజుల చిట్టా కూడా తేదీలతో సహా ఉంది. 1969 జనవరి 2 నుంచి ట్వికెన్‌హామ్ ఫిల్మ్ స్టూడియోలో, ఆ తరువాత నెలాఖరు వరకూ లండన్‌లో ఆపిల్ కార్యాలయం ఉన్న సెవిల్ రో 3వ నంబరు భవనం నేలమాళిగలో, సినిమా కెమెరాల ముందు వారు సాధన చేశారు. జనవరి 30న అదే భవనం డాబా మీద వాయించారు. ఫిబ్రవరి 25న, తన 26వ పుట్టినరోజున, హారిసన్ ఒంటరిగా తమ రికార్డు కంపెనీ ఇఎంఐ స్టూడియోకు వెళ్లి 'సంథింగ్', 'ఓల్డ్ బ్రౌన్ షూ', 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' అనే మూడు పాటల డెమోలు చేశారు. అవి మూడూ 'ఆంథాలజీ 3'లో ఉన్నాయి. నలుగురూ కలిసి స్టూడియోలో ఉన్న చివరి రోజు 1969 ఆగస్టు 20. బృందం వదిలి వెళ్తున్నానని లెనన్ మిగతావారితో చెప్పినది సెప్టెంబరు 20న. 1970 జనవరి 3న 'ఐ మీ మైన్' రికార్డు చేసినప్పుడు లెనన్ రానే లేదు, ముగ్గురే పనిచేశారు. ఏప్రిల్ 10న మెకార్ట్‌నీ నిష్క్రమణ వార్త పత్రికల్లో వచ్చింది. ఇఎంఐ టేపులన్నీ విని, ఏ రోజు ఏ పాట ఎన్ని టేకులు నడిచిందో చరిత్రకారుడు మార్క్ లూయిసన్ 1988లోనే రోజువారీగా ప్రచురించారు. ఇంత ఇరుకైన వరుసలో నలుగురూ కూర్చుని పూర్తి ఆల్బమ్‌ను గుట్టుగా రికార్డు చేసిన వారం ఏదో సందేశం రాసినవారే చూపించవలసి ఉంటుంది.

కంపెనీ తాళం వేసి దాచిందన్న మాటకు మరొక జవాబు కూడా ఉంది, అది కాస్త నవ్వు తెప్పిస్తుంది. 1969 జనవరిలో ఆ సాధనను చిత్రీకరించిన సినిమా బృందం నాగ్రా టేప్ రికార్డర్ల మీద తీసిన టేపుల్లో పెద్ద భాగం దొంగతనానికి గురైంది. వాటి నకళ్లు దశాబ్దాల పాటు దొంగ రికార్డులుగా ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. పోయిన టేపుల్లో సుమారు 500 రీళ్లను 2003లో నెదర్లాండ్స్‌లో పోలీసులు పట్టుకున్నారు. గుట్టుగా దాచినవారి ఇంటి సొత్తు అంతకాలం వీధిలో తిరగదు.

ఇక 'నౌ అండ్ దెన్'. ఈ పాట గురించి సందేశం చెప్పిన రెండు మాటలూ తప్పే. మొదటిది కాలం. ఇది విడిపోవడానికి ముందు పుట్టిన పాట కాదు. బృందం విడిపోయి ఏళ్లు గడిచాక, 1970ల చివరిలో, న్యూయార్క్‌లోని డకోటా భవనంలో తన ఇంట్లో పియానో వాయిస్తూ లెనన్ మామూలు క్యాసెట్‌లో పాడుకున్న డెమో ఇది. లెనన్ మరణించాక, 1994లో ఆయన భార్య యోకో ఓనో ఆ క్యాసెట్ పాటలను మెకార్ట్‌నీకి ఇచ్చారు. వాటిలో 'ఫ్రీ యాజ్ ఎ బర్డ్' 1995లో, 'రియల్ లవ్' 1996లో బయటికి వచ్చాయి. మూడోదైన 'నౌ అండ్ దెన్' మీద 1995లో మిగిలిన ముగ్గురూ కొంత పని చేసి వదిలేశారు.

ఎందుకు వదిలేశారో తెలిస్తే రెండో తప్పు కూడా తేలిపోతుంది. క్యాసెట్‌లో గొంతూ పియానో ఒకే ట్రాక్‌లో కలిసిపోయి ఉన్నాయి. పియానో స్వరం గట్టిగా పడిన చోటల్లా గొంతు కిందికి వెళ్లిపోతుంది, దానిపైన కరెంటు హమ్. గొంతు పెంచుదామంటే పియానో కూడా పెరుగుతుంది. పాత మోనో టేపులతో పనిచేసిన సౌండ్ ఇంజనీర్లకు ఈ చిక్కు ఎంత మొండిదో వేరే చెప్పనక్కరలేదు. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం, 1969 జనవరి నాటి ఆ చిత్రీకరణతో తీసిన 'గెట్ బ్యాక్' చిత్రం కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఈ ముడి విప్పింది. మనిషి గొంతు ఎలా ఉంటుందో, పియానో ఎలా ఉంటుందో దానికి నేర్పించారు. అది కలిసిపోయిన ధ్వనిలోంచి గొంతును విడదీసి చేతిలో పెట్టింది. కొత్త గొంతును తయారుచేయలేదు. ఆ గొంతుకు హారిసన్ 1995లో వాయించి ఉంచిన గిటార్, మెకార్ట్‌నీ బేస్, రింగో స్టార్ డ్రమ్స్, తీగవాద్యాల బృందం తోడై 2023 నవంబరు 2న పాట విడుదలైంది. అపార్థానికి బీజం పడినది ఆ ఏడాది జూన్‌లో. బీబీసీ రేడియోతో మాట్లాడుతూ మెకార్ట్‌నీ ఏఐ అనే మాట వాడారు, దాన్ని పట్టుకుని పత్రికలు పరిగెత్తాయి. పాటలో కృత్రిమంగా సృష్టించినది ఏదీ లేదని ఆయన కొద్ది రోజులకే వివరణ ఇచ్చారు. వివరణ మాత్రం శీర్షిక వెళ్లినంత దూరం వెళ్లలేదు. ఇప్పుడు ఇదే తరహా సాఫ్ట్‌వేర్‌తో మన ఊళ్లోని చిన్న స్టూడియోలో కూడా పాత పాటలోంచి గొంతును విడదీస్తున్నారు; ఆ గొంతు పాడినవారిది కాదని అక్కడ ఎవరూ అనడం లేదు.

తగవుల కారణంగా టేపులను తొక్కిపెట్టారన్నది తరువాతి ఆరోపణ. తగవులు జరగలేదని నేను అనను. 1969 జనవరి 10న హారిసన్ బృందం వదిలి వెళ్లిపోయారు, పన్నెండు రోజుల్లోపే తిరిగి వచ్చారు. కానీ వాటిని దాచారనడం ఎలా కుదురుతుంది? మెకార్ట్‌నీ, హారిసన్ మాటామాటా అనుకున్న సన్నివేశాన్ని 1970 మేలోనే 'లెట్ ఇట్ బి' చిత్రంలో టిక్కెట్టు కొన్న ప్రతివారికీ చూపించారు. 2021లో వచ్చిన 'గెట్ బ్యాక్' చిత్రానికి సుమారు 60 గంటల చిత్రీకరణ, 150 గంటల ధ్వని ఆధారమయ్యాయి. దాదాపు ఎనిమిది గంటల ఆ చిత్రంలో హారిసన్ వెళ్లిపోవడం ఉంది. భోజనశాలలో పూలకుండీలో దాచిన మైకుకు చిక్కిన లెనన్, మెకార్ట్‌నీల సంభాషణ కూడా ఉంది, హారిసన్ మనసుకు తాము చేసిన గాయం గురించి ఇద్దరూ మాట్లాడుకోవడం అందులో వినవచ్చు. ఇంతకన్నా దాపరికం లేని బృందం అరుదు.

అవే టేపుల్లో తగవు కానివి ఎక్కువ. జనవరి 7 ఉదయం లెనన్ ఇంకా రాలేదు. మెకార్ట్‌నీ బేస్ గిటార్‌ను మామూలు గిటార్ లాగా మీటుతూ అర్థం లేని అక్షరాలతో ఏదో పాడుతుంటారు, ఎదురుగా హారిసన్ ఆవలిస్తుంటారు, రింగో చూస్తుంటారు. నిమిషాల వ్యవధిలో 'గెట్ బ్యాక్' పాట ఆనవాలు పట్టేంతగా రూపు కడుతుంది. సెవిల్ రోకు మారాక జనవరి 22న కీబోర్డు వాద్యకారుడు బిల్లీ ప్రెస్టన్ వచ్చి ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చోగానే గది తీరే మారిపోతుంది. విడిపోవాలని అప్పటికే నిశ్చయించుకున్నారన్న మాటను కొట్టిపారేసే టేపు వేరొకటి ఉంది, లూయిసన్ దాన్ని 2019లో బయటపెట్టారు. అది 1969 సెప్టెంబరు నాటి సమావేశం. ఆసుపత్రిలో ఉన్న రింగోకు వినిపించడం కోసం రికార్డు చేశారు. తరువాతి ఆల్బమ్‌కు లెనన్, మెకార్ట్‌నీ, హారిసన్ తలా నాలుగు పాటలు, రింగో కావాలంటే రెండు పాటలు ఇద్దామని అందులో ప్రతిపాదించినది లెననే. కొద్ది రోజులకే ఆయన మనసు మార్చుకున్నారన్నది నిజం. మొత్తం మీద రహస్య ఆల్బమ్ అనదగినది ఏదైనా ఉంటే అది ఈ ప్రతిపాదన మాత్రమే, అది మాటల్లోనే ఆగిపోయింది.

హక్కుల గడువు తీరిందన్న సలహా అన్నింటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే దీన్ని నమ్మి ఎవరైనా ఆ ఫైలును తమ యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టుకుంటే తగిలే దెబ్బ వారికే. యూరప్‌లో ఒక నియమం ఉన్న మాట నిజం: రికార్డు చేసిన యాభై ఏళ్లలోపు విడుదల చేయని ధ్వనికి రక్షణ పోతుంది, విడుదల చేస్తే డెబ్బై ఏళ్లు ఉంటుంది. ఆ నియమం వల్లనే 2013 డిసెంబరులో, 1963 నాటి 59 రికార్డింగులను గడువు ముగిసే ముందు హడావిడిగా ఐట్యూన్స్‌లో పెట్టారు. అంటే దాచుకుంటే నష్టపోయేది కంపెనీయే. పైగా రికార్డింగ్ మీద హక్కు వేరు, పాట మీద హక్కు వేరు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యానికీ సంగీతానికీ రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. ఇద్దరు కలిసి రాసినదైతే ఇద్దరిలో చివర మరణించినవారి నుంచి లెక్క మొదలవుతుంది. హారిసన్ 2001లో మరణించారు కనుక ఆయన పాటలకు 2061 చివరి దాకా గడువు ఉంది. లెనన్, మెకార్ట్‌నీ కలిసి రాసిన పాటలకు ఆ లెక్క ఇంకా మొదలు కానే లేదు, మెకార్ట్‌నీ జీవించే ఉన్నారు.

విడుదల కాని రికార్డింగులే ఆసక్తి అయితే, అలాంటివి నిజంగానే ఉన్నాయి. 1967 జనవరి 5న లండన్‌లో ఒక కార్యక్రమం కోసం చేసిన, దాదాపు 14 నిమిషాల 'కార్నివాల్ ఆఫ్ లైట్' అనే ప్రయోగ రికార్డింగ్ ఈనాటికీ బయటికి రాలేదు. 1968 జూలై 18న వాయించిన 'హెల్టర్ స్కెల్టర్' 27 నిమిషాల టేకు కూడా అంతే, 2018లో వచ్చినది అదే రోజు నాటి పొట్టి టేకు. ఈ రెండింటిలో ఏదీ డెమో కాదు, ఏదీ చివరి రోజులది కాదు, ఏదీ ఆ సందేశంలో లేదు.