లేటెస్ట్ అంటే కొత్తదని ఎవరన్నారు?

మారతహళ్ళిలో సందుకో వేంకటేశ్వర పీజీ ఉన్నట్టు, ఈ బెంగళూరు టీముల డాకర్ రిజిస్ట్రీల్లో (ప్యాక్ చేసిన ప్రోగ్రాములు, అంటే ఇమేజ్‌లు, దాచే చోట్లలో) ఏ రిపో తెరిచినా ‘లేటెస్ట్’, ‘ఫైనల్’, ‘ఫైనల్2’ అనే ట్యాగులే. అందులో ప్రొడక్షన్‌లో నడుస్తున్నదేదో దేవుడికే తెలియాలి.

బాబూ, లేటెస్ట్ అంటే అన్నిటికన్నా కొత్తదని కాదు. ఇమేజ్‌కి ట్యాగ్, అంటే వెర్షన్ పేరు, ఇవ్వకపోతే డాకర్ తనంతట తాను తగిలించే పేరు, అంతే. మీరు 2.1 అని ట్యాగ్ పెట్టి పుష్ చేస్తే, లేటెస్ట్ ఆ పాత ఇమేజ్ మీదే కూర్చుని ఉంటుంది.

అంతకన్నా ఒళ్ళు మండించేది, పుష్ చేసేసిన ట్యాగ్ మీదే మళ్ళీ పుష్ చేయడం. ‘చిన్న ఫిక్సే కదా’ అని 1.4 మీదే కొత్త ఇమేజ్ ఎక్కిస్తారు. ఈ ఇమేజ్‌లను సర్వర్ల (నోడ్ల) మీద నడిపే కుబర్నెటిస్‌కి, లేటెస్ట్ కాని ట్యాగులకు డిఫాల్ట్ పుల్ పాలసీ ‘ఇఫ్‌నాట్‌ప్రెజెంట్’, అంటే నోడ్‌లో లేకపోతేనే తెచ్చుకోవడం. పాత 1.4 ఉన్న నోడ్ దాన్నే నడుపుతుంది, అది లేని నోడ్ కొత్తది లాక్కుంటుంది. ఒకే సర్వీసు, రెండు రకాల కోడ్. బగ్ కొన్ని రిక్వెస్టులకే వస్తుంది, కొన్నిటికి రాదు. డిప్లాయ్‌మెంట్‌లో చూస్తే అన్ని పాడ్లకూ (నడుస్తున్న కాపీలకు) 1.4 అనే ఉంటుంది. ఇక రాత్రంతా వెతుక్కోండి!

ట్యాగ్‌లో వెర్షన్ పక్కన గిట్ కమిట్ హ్యాష్ (ఆ కోడ్ మార్పు గుర్తింపు కోడ్) మొదటి ఏడెనిమిది అక్షరాలు తగిలించడానికి సీఐ (బిల్డ్‌ను ఆటోమేటిగ్గా చేసే) స్క్రిప్టులో ఒక్క లైను చాలు. రిజిస్ట్రీలో ట్యాగ్ ఇమ్యూటబిలిటీ ఉంటే ఆన్ చేయండి, ఎవరూ తిరగరాయలేరు. డిప్లాయ్ ఫైల్లో ట్యాగ్ బదులు, ఇమేజ్‌కి వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ256 డైజెస్టే పెడితే మరీ మంచిది. వెర్షన్‌కీ హ్యాష్‌కీ మధ్యలో ప్లస్ గుర్తు మాత్రం వద్దు, హైఫన్ పెట్టండి. ట్యాగ్‌లో ప్లస్ చెల్లదు, ఆ ముక్క ఎర్రర్‌లో సూటిగా చెప్పి చావదు, ‘ఇన్‌వాలిడ్ రిఫరెన్స్ ఫార్మాట్’ అని ఊరుకుంటుంది.