ఆరోగ్య ఆటల పోటీలో మార్కులు వీడియోకి కాదు, సబ్బుబిళ్లకి వేయండి

బెంగళూరు బడుల్లో ఆటలతో పిల్లలకు ఆరోగ్యం నేర్పే టీచర్లకు పోటీ పెట్టి బహుమతులివ్వడం మంచి పని. అందులో నాకు రెండో మాట లేదు. కర్ణాటక సర్కారు బడుల్లో చిన్న తరగతులకు ఆటపాటలతో చదువు చెప్పే నలి-కలి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో మొదలై రాష్ట్రమంతా పాకింది, కాబట్టి బెంగళూరు టీచర్లకు ఆడించడం ఒకరు నేర్పక్కర్లేదు. నా బాధల్లా మార్కులు వేసే పద్ధతి గురించి. మూడు నిమిషాల వీడియో పంపండి, ఫోటోలో బ్యానర్ కనపడాలి, రిపోర్టు ఇంగ్లీషులో రాయండి అని అడిగితే వచ్చేవి వీడియోలూ బ్యానర్లూ ఇంగ్లీషు రిపోర్టులే. పిల్లలు చేతులు కడుక్కుంటున్నారో లేదో అందులో ఎక్కడా తేలదు.

చేతులు కడిగే ఆటే తీసుకోండి. చేతులకు మెరుపుల పొడి రాసి, కడిగించి, ఎక్కడ మిగిలిందో చూపిస్తారు. వీడియోలో తళతళలాడుతూ బాగుంటుంది. కానీ అవి ప్లాస్టిక్ తునకలు. కంట్లో పడితే గుచ్చుకుంటాయి, కడిగాక కాలవల్లోకి పోతాయి. వంటింట్లో పసుపు ఉండగా అవెందుకు? 40 మంది క్లాసుకి 100 మి.లీ. కొబ్బరినూనెలో నాలుగు చెంచాల పసుపు కలిపితే చాలు, ఒక్కొక్కరికి అర చెంచా వస్తుంది. రెండు చేతులకూ పట్టించి ముందు ఉత్త నీళ్లతో కడగమనండి. రంగు పెద్దగా కదలదు, ఎందుకంటే పసుపులో ఉండే రంగు నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో కరగదు. తర్వాత సబ్బుతో 20 సెకన్లు. అరచేయి శుభ్రమవుతుంది. బొటనవేలి మొదట్లో, వేళ్ల సందుల్లో, గోళ్ల అంచుల్లో పచ్చగా మిగిలిపోతుంది. ఎక్కడ రుద్దలేదో పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ల చెయ్యే చెప్తుంది.

ఇది రెండు చోట్ల చెడుతుంది. క్లాసు మొత్తానికీ ఒకేసారి రాసి లైన్లో నిలబెడితే చివరివాళ్ల వంతు వచ్చేసరికి రంగు చర్మానికే పట్టేస్తుంది. ఎంత రుద్దినా పోదు, సబ్బుతో లాభం లేదని నేర్చుకుని వెళ్తారు. అందుకే నలుగురు నలుగురిని పిలిచి, రాసిన వెంటనే కొళాయి దగ్గరికి పంపాలి. రెండోది, సబ్బు తగలగానే పసుపు ఎర్రబడుతుంది. సబ్బులో క్షారం ఉంటుంది, పసుపూ సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీ. చిన్నపిల్లలు రక్తమనుకుని బెదిరిపోతారు, ముందే చెప్పి ఉంచాలి. యూనిఫాం మీద పడ్డ మరకని మామూలుగా ఉతికి ఎండలో ఆరేయమని ఇంటికి కబురు పంపండి. పసుపు రంగు ఎండకి నిలవదు.

నీళ్ల లెక్క ఇంకా ముఖ్యం. 2024 వేసవిలో బెంగళూరులో ఎన్ని బోర్లు ఎండిపోయాయో అందరం చూశాం. నిమిషానికి ఆరు లీటర్లు వచ్చే కొళాయిని 20 సెకన్లు వదిలేసి రుద్దుకుంటే రెండు లీటర్లు పోయినట్టే. 40 మందికి 80 లీటర్లు. అదే ఒకరు చెంబుతో పోస్తుంటే తడపడానికీ కడగడానికీ కలిపి 300 మి.లీ. సరిపోతాయి, మొత్తం 12 లీటర్లు. పోసే పని రోజుకొకరికి ఇవ్వండి, పిల్లలు దానికోసం పోటీ పడతారు. బోరు నీళ్లు కఠినంగా ఉన్నచోట బిళ్ల సబ్బుకి నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసిపోవడం వల్ల అది. అలాంటి బడిలో లిక్విడ్ హ్యాండ్‌వాష్ వాడాలి, లేదంటే నురగ రాలేదని పిల్లలు మధ్యలోనే వదిలేస్తారు.

ఎక్కువమంది ఎంచుకునే రెండో ఆట వైకుంఠపాళి. ఆకుకూర తింటే నిచ్చెన, చిప్స్ తింటే పాము. దీని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. నిచ్చెన ఎక్కించింది పాచిక, పిల్ల కాదు. అందులో తను నిర్ణయించుకున్నదేమీ లేదు, గుర్తుండేదీ ఉండదు. నిచ్చెన అడుగుకు వచ్చినవాళ్లు కారణం చెప్తేనే ఎక్కాలి, పాము నోట్లో పడ్డవాళ్లు ఏం చేస్తే తప్పించుకోవచ్చో చెప్తే అక్కడే ఆగాలి. ఉదాహరణకి ‘అన్నం తిన్న వెంటనే టీ తాగావు’ అనే పాము: టీ వల్ల తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, గంటో రెండు గంటలో ఆగి తాగుతానంటే బతికినట్టు. ‘పప్పులో నిమ్మకాయ పిండుకున్నావు’ నిచ్చెన: సి విటమిన్ ఉంటే ఐరన్ బాగా పడుతుంది. పెద్ద తరగతులైతే వారానికోసారి బడిలో ఇచ్చే నీలం ఐరన్ మాత్రని కూడా గడిలో పెట్టండి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం, భోజనం తర్వాతైతే ఇబ్బంది తక్కువ. మాత్ర ఉమ్మేసే పిల్లల్లో కొందరికి ఈ ఒక్క ముక్క తెలియకపోవచ్చు.

నూరు గళ్లు వద్దు. ఇన్ని ప్రశ్నలతో 40 నిమిషాల పీరియడ్‌లో తెమలదు. ఆరుకి ఆరు, 36 గళ్లు, నలుగురికో బోర్డు. ఫ్లెక్స్ మీద ప్రింటు వేయించి నేల మీద పరిస్తే కాళ్లు జారతాయి, సుద్దముక్కతో గీసుకోవడమే మేలు.

గళ్లలో ఏ తిండి రాస్తారన్నది చిన్న విషయం కాదు. యాపిల్, కివీ, బాదంపప్పు నిచ్చెనలై, ఇంట్లో దొరికేవి పాములైతే ఆట అయ్యాక క్లాసులో ఎవరి డబ్బా తెరవాలన్నా సిగ్గే. ఈ ఊళ్లో భవనాలు కట్టడానికి రాయలసీమ నుంచీ పాలమూరు నుంచీ వచ్చిన వాళ్ల పిల్లలు ఎంతమంది లేరు! వాళ్ల రాగిసంగటి, ఇక్కడి రాగిముద్ద ఒకటే. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. జామకాయలో సి విటమిన్ కమలాపండు కంటే ఎక్కువ. నిచ్చెనలు వీటికి పెట్టండి. పిల్లల బరువు అందరి ముందూ చూసి పాయింట్లు వేసే ఆట ఏదైనా సరే, పోటీకి వస్తే అక్కడికక్కడే తీసేయాలి.

మార్కులు తప్పుగా వేస్తే ఏమవుతుందో దోమల వేట అనే మూడో ఆటలో కళ్లకు కడుతుంది. 2024లో డెంగీని కర్ణాటక ప్రభుత్వం అంటువ్యాధిగా ప్రకటించాక ఈ ఆటకి గిరాకీ పెరగడం న్యాయమే. ఇంట్లో, చుట్టుపక్కల నిలవనీళ్లు వెతకాలి: ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్లెం, కొబ్బరి చిప్ప, పాత టైరు. లార్వా కనపడ్డ ప్రతి చోటికీ పది పాయింట్లు అన్నారనుకోండి, రెండో వారానికి పిల్లలు పాయింట్ల కోసం నీళ్లు నిలవుంచుతారు. పాయింట్లు పొడి ఇంటికి రావాలి. గుడ్డు దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు, అందుకే వారానికోసారి చూడాలి. పారబోస్తే సరిపోదు, లోపలి గోడ పీచుతో రుద్దాలి, ఎందుకంటే గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. సంపు మూత మాత్రం పిల్లలు తెరవకూడదు, అది పెద్దవాళ్ల పని. ఈ మాట నియమాల్లో మొదటి లైన్లో ఉండాలి.

మరి టీచర్లకి మార్కులు ఎలా వేయాలి? 2006లో అమెరికాలో హోప్‌ల్యాబ్ సంస్థ క్యాన్సర్ ఉన్న టీనేజీ పిల్లలు, యువత కోసం రీ-మిషన్ అనే వీడియో గేమ్ తెచ్చింది. 34 వైద్య కేంద్రాల్లో 375 మంది మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఆట నచ్చిందా అని అడిగి ఊరుకోలేదు. ఎలక్ట్రానిక్ మూత ఉన్న సీసాని ఎన్నిసార్లు తెరిచారో లెక్కపెట్టారు, కీమో మందు ఒంట్లో ఉందో లేదో రక్తపరీక్ష చేశారు. ఆట ఆడినవాళ్లు మందులు ఎక్కువ క్రమంగా వేసుకున్నారని అలా తేలింది. మన బడికి అంత ఖర్చు అక్కర్లేదు, సబ్బుబిళ్ల ఉంది.

100 గ్రాముల బిళ్లని వలసంచిలో వేసి కొళాయికి కట్టండి. గిన్నెలో పెడితే నీళ్లలో నాని కరుగుతుంది, ఎవరూ వాడకపోయినా బరువు తగ్గి లెక్క తప్పుతుంది. తూచేది సోమవారం పొద్దున, ఆదివారమంతా ఆరాక, వంటింటి డిజిటల్ కాటా మీద. తడిసిన సబ్బు బరువు నమ్మడానికి లేదు. తగ్గిన గ్రాముల్ని ఆ వారం హాజరుతో భాగించి పుస్తకంలో రాయాలి. ఆట మొదలుపెట్టే ముందు రెండు వారాల లెక్క కూడా ఉండాలి, లేకపోతే పెరిగిందో లేదో దేనితో పోలుస్తారు? ఎంట్రీగా రెండు పేజీలు చేతిరాతతో చాలు, కన్నడ, ఉర్దూ, తమిళం, తెలుగు, టీచర్‌కి ఏది సులువైతే అది. ఏం చెడిందో రాయడానికి ఒక పేజీ, దానికీ మార్కులు. గెలిచిన బడికి షీల్డు బదులు కొళాయి రిపేరు, ఏడాదికి సరిపడా సబ్బులు ఇవ్వండి.

నిర్వాహకులకు ఒక్కటే విన్నపం. ప్రకటన జూన్‌లో బడులు తెరవగానే ఇవ్వండి, ఫలితాలకు తొందరపడకండి. దసరా సెలవుల్లో అలవాట్లన్నీ సడలిపోతాయి. బడి మళ్లీ తెరిచిన రెండో వారంలో, ఎవరికీ చెప్పకుండా వెళ్లి, మధ్యాహ్న భోజనం గంట కొట్టేటప్పటికి కొళాయిల పక్కన నిలబడండి. మొదట వచ్చిన 50 మందిలో సబ్బు ముట్టుకున్నదెందరో గీతలు పెట్టుకోండి. ఆ కాగితం చేతికొచ్చాకే విజేతల పేర్లు రాయండి.