పురుగుమందు వల్లే అని తేలితే ఫైలు మూసుడేనా?

పత్తి ఏరుడు అయిపోయింది, మందలు చేన్లల్లకు దిగినయ్, మా పేపర్ డెస్క్‌కి మళ్లా అవే ఫోన్లు. పొద్దున మేతకు పోయిన జీవాలు పగటికల్లా సొంగ కార్చుకుంట, వణుక్కుంట, కాళ్లు కొట్టుకుంట పడిపోయినయ్ సార్, ఫొటో ఎయ్యుండ్రి అని. వేస్తం. కింద మూడు లైన్లు రాస్తం, ఆఖరి లైను ఎప్పుడూ ఒకటే: పురుగుమందు అవశేషాల వల్ల చనిపోయి ఉండొచ్చని డాక్టర్ చెప్పారు. కథ అక్కడికి ఖతం. ఇన్నేళ్లు ఆ లైను రాసి పేజీ తిప్పినోళ్లల్ల మేం కూడా ఉన్నం.

మనిషి సావుల విషం అని తేలితే కేసు మొదలైతది. జీవం సావుల విషం అని తేలితే ఫైలు మూతపడ్తది. 2006ల ఉమ్మడి వరంగల్ జిల్లాల బీటీ పత్తి చేన్లు మేసి వందల గొర్రెలు చచ్చినప్పుడు ఏమైందో ఇక్కడోళ్లకు కొత్తగ చెప్పేదేం లేదు. గొల్లకుర్మలు బీటీ అన్నరు, ఢిల్లీల కేంద్రం కమిటీ వాళ్లు బీటీ కాదు, నైట్రేట్లో పురుగుమందు అవశేషాలో కావొచ్చన్నరు. సరే, మందే అనుకుందాం. మరి ఏ మందు, ఎవరు అమ్మిన్రు, ఎంత కొట్టిన్రు, ఈ ప్రశ్నలు ఎక్కడ పోయినయ్? బీటీ కాదని తేలంగనే అందరూ హమ్మయ్య అనుకున్నరు, మందు అనేది నేరమే కాదన్నట్టు. అప్పుడు పడ్డ అలవాటే ఇది.

చట్టం ఈ ఆఫీసర్ల కంటే నయం. 1968 పురుగుమందుల చట్టం మొదటి వాక్యంలనే మనుషులకు, పశువులకు ప్రమాదం లేకుండ చూసేందుకు అని ఉన్నది. విషప్రయోగం కేసులు కండ్లవడ్డోళ్లు రిపోర్టు చెయ్యాలె అని ఆర్డర్ ఇచ్చే పవర్ 26వ సెక్షన్ రాష్ట్ర సర్కారుకే ఇచ్చింది. 27వ సెక్షన్ కింద అనుమానం ఉన్న మందు అమ్మకాన్ని 60 రోజులు ఆపొచ్చు. కానీ మందు పేరే రాయకపోతే దేన్ని ఆపుతరు? ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్ అనే పురుగుమందులు 2020 డిసెంబర్ 31 నుంచి దేశమంతట బంద్. రేపు సచ్చిన గొర్రె కడుపుల అందులో ఒకటి దొరికితే షాపు మీదికి పోవాల్సొస్తది, లైసెన్సు అడగాల్సొస్తది, పై నుంచి ఫోన్లొస్తయ్. ఉత్త 'మందు' అని రాస్తే ఏ తంటా లేదు.

చేతగాని పనేం కాదు కదా. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లకు ఎక్కితే నరాలను అదుపుల పెట్టే ఎంజైము ఆగిపోతది, అందుకే ఆ సొంగ, ఆ వణుకు, ఊపిరాడకపోవుడు. టైముకు విరుగుడు ఇంజెక్షన్ అట్రోపిన్ పడితే కొన్నన్నా బతుకుతయ్. సచ్చినవాటి పొట్టల మేత, కాలేయం, మూత్రపిండం ముక్క చిక్కటి ఉప్పునీళ్లల్ల పెట్టి ల్యాబుకు పంపాలె, ఫార్మలిన్‌ల వేస్తే పరీక్షకు పనికిరాదు. మామునూరుల పశువైద్య కాలేజీ ఉన్నది, 1962 నంబరుకు ఫోన్ కొడితే పశువుల అంబులెన్సు బండి వస్తది. 2017ల 75 శాతం సబ్సిడీ మీద ఇంటింటికి గొర్రెలు పంచినప్పుడు ఉన్న హడావుడిల పావు వంతు చాలు.

పులి విషయం చూడుండ్రి. 2024 జనవరిల కాగజ్‌నగర్ అడవిల పులులు సచ్చినప్పుడు కళేబరానికి విషం పెట్టిన్రని ఆఫీసర్లు ఉరికిన్రు, శాంపిళ్లు పోయినయ్, అరెస్టులూ అయినయ్. మంచిదే, కావాల్సిందే. అదే విషం గొర్రె తింటే మాత్రం పంచనామా కాగితం కూడా గొర్ల కాపరే బతిమాలి రాయించుకోవాలె.

మందు కొట్టకపోతే పత్తీ రాదు మిర్చీ రాదు, గొర్ల కాపరి కూడా చూసి మేపుకోవాలె అనేటోళ్లున్నరు, కొంత నిజమే. అయితే మొన్న ఆ చేన్ల ఏం కొట్టిన్రో కాపరికి ఎవరు చెప్తరు? గట్టు మీద బోర్డు పెట్టే ఆనవాయితీ కూడా లేదాయె.

ఇదంతా ఒక్కరోజుల సంపే విషం సంగతి. సీసం, ఆర్సెనిక్, పాదరసం సంగతి ఇంకా అధ్వాన్నం, అవి ఒంట్ల విరిగిపోవు, కాలేయంల, ఎముకల్ల పేరుకుంటయ్, పాలల్లకూ దిగుతయ్. బొగ్గు బూడిదల ఇవన్నీ ఉంటయ్, రామగుండంల, చేల్పూరుల బొగ్గు కరెంటు ప్లాంట్ల బూడిద గుట్టలు కండ్ల ముందే ఉన్నయ్. ఆ పక్క కుంటల్ల తాగే బర్రెల రక్తం తీసి చూసినోడు ఎవడన్న ఉన్నడా? పాత బ్యాటరీలు పగలగొట్టే కాడ ఆవు నాకితే సీసమెక్కి దూడకు కండ్లు పోవొచ్చు, పండ్లు కొరుక్కుంట గిరగిర తిరిగి పడొచ్చు. అప్పుడు పిచ్చిలేసిందంటరు. ఇక్కడ 'మందు వల్ల' అని రాసే ఆ అరలైను కూడా దక్కదు.

పశుసంవర్ధక శాఖ సార్లకు, వ్యవసాయ శాఖ సార్లకు కలిపే చెప్తున్నం. ఈసారి మా రిపోర్టర్ ఫోన్ చేసినప్పుడు పురుగుమందు వల్ల అయి ఉండొచ్చు అని మాత్రం అనకండి, మేం అచ్చేయం. మందు పేరు, అమ్మిన షాపు, ల్యాబుకు శాంపిల్ పోయిన తారీఖు చెప్పండి. గట్టు మీద డబ్బా పడే ఉంటది, వంగి చూస్తే పేరు కనవడ్తది, మీకు చదువొచ్చు కదా.