ఒత్తు లేని ఒత్తు

అమీర్‌పేటలో మా మేనల్లుడు చేరిన స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు తెచ్చుకోవాల్సినవి: నోటుబుక్కు, పెన్ను, రబ్బరు బ్యాండు. మాటలో ఏ ముక్కను నొక్కి పలకాలో, అంటే ఒత్తు (స్ట్రెస్) ఏ ముక్క మీద పడుతుందో, అక్కడ బ్యాండు సాగదీయాలట. మన ఒత్తయితే అక్షరం కింద బుద్ధిగా కూర్చుంటుంది, కనిపిస్తుంది. వాళ్ల ఒత్తు రాతలో ఎక్కడా ఉండదు. దేవుడిలాగా, నమ్మి పలకాలి.

డెమో ఉచితం కాబట్టి నేనూ వెళ్లాను. నలభై మంది, నలభై రబ్బరు బ్యాండ్లు. అన్నీ కర్రీ పాయింట్ సాంబారు పొట్లాలకు విప్పినవే. సారు 'ఫొటోగ్రాఫ్' అన్నారు. 'ఫో' దగ్గర అందరూ లాగారు. 'ఫొటోగ్రాఫర్' అన్నారు. ఒత్తు 'టో' మీదికి దూకింది. 'ఫొటోగ్రాఫిక్' అనేసరికి 'గ్రా' మీదికి. కెమెరా కదల్లేదు, ఒత్తు మాత్రం సిటీ బస్సులో సీటు దొరకనివాడిలా వెనక్కి వెనక్కి జరిగింది. ఆ మూడో లాగుడికి ఒక బ్యాండు తెగి ముందు బెంచీవాడి మెడకు తగిలింది. "అబ్బా!" అన్నాడు. క్లాసు మొత్తంలో ఒత్తు సరిగ్గా పలికింది ఆ ఒక్కడే.

తర్వాత సారు 'హెలికాప్టర్'ని హెలి, కాప్టర్ అని విరిచారు. నిజానికి అది గ్రీకు మాటల కలయిక: 'హెలికో' అంటే సుడి, 'ప్టెర్' అంటే రెక్క. తప్పు సారుది కాదు లెండి, ఇంగ్లిష్‌వాళ్లే అలా విరిచి, చేతికొచ్చిన 'హెలి'ని 'ప్యాడ్'కు అతికించి హెలిప్యాడ్ చేసుకున్నారు. మన పిల్లలు సంధి అలా విడదీస్తే మార్కు పోతుంది. వాళ్లు విడదీస్తే డిక్షనరీలోకి ఎక్కుతుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా వాడి పక్కన కూర్చున్న అమ్మాయి ఎందుకు చేరిందో విన్నాక నాకు నవ్వు రాలేదు. ఇంటర్వ్యూలో 'డెవలప్‌మెంట్' అన్నదట, ఒత్తు 'వె' మీద కాకుండా 'డె' మీద వేసి. ఎదుట కూర్చున్న ఇద్దరూ నవ్వారట. రాసిన ప్రోగ్రాం రన్ అయింది, అయినా నవ్వారు. యమాతారాజభానసలగం వల్లిస్తూ గురువు లఘువు గుర్తులు పెట్టిన పిల్ల అది. అక్షరం రాసి ఉంటే పలకాలని నేర్పిన భాషలో పెరిగింది. సిగ్గు పడాల్సింది ఆమా? ఆ ఇద్దరిచేతా 'కంఫర్టబుల్' అనిపించండి. రాతలో నాలుగు ముక్కలు, ఇంగ్లండులో మామూలుగా మూడే పలుకుతారు. ఈ పెద్దమనుషులు నాలుగూ నమిలి మింగకపోతే నన్నడగండి. తెలుగువాళ్లే, తెలుగు నోళ్లే! ఎవరిని చూసి నవ్వుతున్నారయ్యా?

కోర్సు నలభై అయిదు రోజులట. మా అక్క కర్రీ పాయింట్‌వాడిని రోజూ ఒక రబ్బరు బ్యాండు ఎక్కువ వేయమని అడుగుతోంది.