తాత భర్మారుకు లైసెన్స్ అక్కర్లేదా?

"తెలంగాణ సాయుధ పోరాటం నాటి నాటు భర్మారు మీ ఇంట్లో ఉందా? టెన్షన్ పడకండి. పాతది కాబట్టి లైసెన్స్ అక్కర్లేదు. వారసత్వంగా వచ్చింది కాబట్టి ఎవరూ అడగరు. తుప్పు పట్టింది కాబట్టి ఎలాగూ పేలదు." ఫోన్లలో తిరుగుతున్న మెసేజ్ ఇది. మూడు మాటలూ తప్పే. చివరిది ప్రాణం తీసే తప్పు, అందుకే ముందు దాని సంగతి చెప్తాను.

భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. ఆ తుపాకీ పని చేసే తీరు పేరులోనే ఉంది. గొట్టం మూతిలోంచి నల్లమందు పోసి, గుడ్డపీలికలు కుక్కి, సీసపు గుండ్లు వేసి కడ్డీతో దట్టిస్తారు. మడిచి, తెరిచి లోపల తూటా ఉందో లేదో చూసుకునే వీలు దీనికి లేదు. డెబ్బై ఏళ్ల కింద ఎవరో దట్టించి, పేల్చకుండా అటక మీద పెట్టి ఉంటే ఆ మందు ఇంకా లోపలే ఉంటుంది. తడి తగలకపోతే నల్లమందు దశాబ్దాలైనా చావదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును బాగుచేస్తుంటే అది పేలి మనిషి చనిపోయాడు. దాని వయసు 140 ఏళ్ల పైమాటే. కాబట్టి దయచేసి తుప్పు గీకకండి, పొయ్యి దగ్గర పెట్టకండి, పిల్లల చేతికిచ్చి ఫొటోలు తీయకండి.

ఇక పాతదనం. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 కొన్ని పాత ఆయుధాలకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. మెసేజ్ రాసినవాళ్లు అక్కడితో ఆపేశారు. రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలన్నది ఆ మినహాయింపులోని షరతు. కమ్మరి చేత్తో తయారైన భర్మారును మరో కమ్మరి బాగుచేయగలడు. గొట్టం గట్టిగా ఉంటే, విరిగిన మీట పెద్ద అడ్డంకి కాదు.

వారసత్వం మాట 2019 సవరణ నుంచి పుట్టినట్టుంది. ఆ సవరణ చెప్పింది వేరు: ఒక మనిషికి గరిష్ఠంగా రెండు తుపాకులు, వారసత్వంగా వచ్చినవాటికి లైసెన్స్ ఇచ్చేటప్పుడూ ఆ పరిమితి దాటకూడదు. అంటే వారసులకూ లైసెన్స్ కావాలి. లేకుండా దగ్గర పెట్టుకుంటే శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు ఉంటుంది.

తాత తుపాకీని పోలీసులకు ఇవ్వాలంటే మనసొప్పదు, అది నాకు తెలుసు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన రోజున జనం చేతుల్లో కర్రలూ వడిసెలలే ఎక్కువ. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాట పిలుపు వచ్చాక గ్రామాల్లో భర్మారు కూడా పెద్ద ఆయుధమే. దాన్ని ఇనప్సామానుకు అమ్మమని నేను ఎవరికీ చెప్పను. అసలు లైసెన్స్ లేకుండా తుపాకీ అమ్మడమూ నేరమే.

ముందు న్యాయవాదితో మాట్లాడండి. ఆయన ద్వారా స్టేషన్‌కు తెలపండి, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి. మీరు సంచిలో పెట్టుకొని బస్సెక్కొద్దు. ఈలోగా దాన్ని కదపకుండా, ఉన్నచోటే దూరం నుంచి ఫొటో తీయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల పక్కన కూర్చొని, ఎవరు చేశారు, ఎవరు మోశారు, ఏ రాత్రి ఎక్కడ దాచారు అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ పని ఈ వారమే చేయండి.