మంటలార్పే కొలను

దక్షిణాఫ్రికా మాజీ అధ్యక్షుడు జాకబ్ జుమా గారింట్లో ఈత కొలను లేదు. ఇది ముందే తేల్చేసుకుందాం. న్‌కాండ్లా పల్లెలో ఆయన ఇంటి ఆవరణలో మీ కళ్లకు ఈత కొలనులా కనబడేది మంటలార్పే కొలను. 'ఫైర్ పూల్' అని అక్కడి సర్కారే నామకరణం చేసింది. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నవాడు మనవాడే కదా అని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. కానీ వాడు దూడగడ్డి వీడియో తీసి చూపించలేదు. వీళ్లు చూపించారు.

ఆ ఇంటికి భద్రత పేరుతో 24.6 కోట్ల రాండ్ల ప్రజాధనం పోశారు. అక్కడ పబ్లిక్ ప్రొటెక్టర్ అని మన లోకాయుక్తలాంటి పదవి ఒకటుంది. అప్పుడు ఆ కుర్చీలో ఉన్న థులీ మడోన్సెలా 2014 మార్చిలో లెక్కలు తీసి, కొలనుకీ కోళ్ల గూటికీ భద్రతతో ఏం పని, కొంత డబ్బు వెనక్కి కట్టండి అంది. ఎంత కట్టాలో తేల్చే పని ఎవరికి అప్పగించారు? అధ్యక్షులవారు నియమించిన పోలీసు మంత్రికి.

2015 మేలో ఆ మంత్రి, నతీ న్‌లెకో, విలేకరుల ముందుకొచ్చారు. ఇళ్లకు గడ్డి కప్పులున్నాయి, నిప్పంటుకుంటే? న్యాయమైన ప్రశ్నే. తాటాకిళ్లు తగలబడటం చూసినవాళ్లం, కాదనలేం. మంత్రిగారు నుదుటి చెమట తుడుచుకున్నారు. తర్వాత వీడియో వేశారు. ఫైరింజన్ వాళ్లు కొలనులో గొట్టం వేసి నీళ్లు తోడి చిమ్ముతున్నారు. వెనక ఇటాలియన్ పాట, మన పెళ్లి వీడియోలో తలంబ్రాలప్పుడు పెట్టినట్టు. మళ్లీ చెమట తుడుచుకున్నారు. మరి ఆ మెట్ల రంగస్థలమో? అది మట్టి జారకుండా కట్టిన గోడ. పశువుల దొడ్డి, కోళ్ల గూడు? భద్రతే. కోడి భద్రతకెలా పనికొస్తుందో నాకు రెండ్రోజులు ఆలోచించినా తట్టలేదు. తెల్లారితే కూస్తుంది, అంతవరకే. మొత్తమ్మీద అధ్యక్షులవారు పైసా కట్టక్కర్లేదు. పైగా పనులింకా మిగిలాయి, మరికొంత ఖర్చుపెట్టాలి!

2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఈ కథ నమ్మలేదు. 78 లక్షల రాండ్లు కట్టక తప్పలేదు. వీబీఎస్ అనే బ్యాంకులో అప్పు చేసి కట్టారు. రెండేళ్లకు ఆ బ్యాంకే నిలువుదోపిడీ అయిపోయి కూలింది. పోయినవాటిలో లింపోపో రాష్ట్రపు పేదలు దాచుకున్న డబ్బులున్నాయి.

లింపోపో అంటే ఇంకోటి ఉంది. మడోన్సెలా నివేదిక రావడానికి రెండు నెలల ముందు, అక్కడి ఒక బడిలో ఐదేళ్ల పిల్లాడు మరుగుదొడ్డి గుంతలో పడి చచ్చిపోయాడు. బడిలో చేరి వారం కాలేదు. కూర్చునే పీట తుప్పుపట్టి విరిగింది. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించాలి. అలాంటి గుంతల్ని నల్లజాతి పిల్లల బడులకు వదిలిపోయింది తెల్ల ప్రభుత్వమే, నిజం. మరి ఆ తర్వాత ఇరవయ్యేళ్లు ఏలి వాటిని పూడ్చనిది ఎవరు? జుమా గారి అప్పటి పార్టీ ఏఎన్‌సీయే. డబ్బుల్లేవా? కొలనుకున్నాయిగా! 2018లో ఈస్టర్న్ కేప్‌లో ఇంకో ఐదేళ్ల పాప. అదే చావు.

అడిగితే జవాబు సిద్ధం: 'తెల్లజాతి గుత్త పెట్టుబడి'. జుమా పాలన చివరి రోజుల్లో ఈ మాటను ఊరూరా మోగించిన ప్రచార సంస్థ పేరు బెల్ పాటింగర్. ఊరు లండన్. ఫీజు కట్టింది సహారన్‌పూర్ నుంచి వెళ్లి జుమా గారికి ఆప్తులై, సర్కారు సొమ్ము మింగారని పేరుపడ్డ గుప్తా సోదరుల కంపెనీ. తెల్లవాళ్లను తిట్టడానికి తెల్లవాళ్లకే కూలి! నాకు ఒళ్లు మండేది ఎందుకంటే, ఆ మాటలో నిజముంది. 2017 భూముల లెక్కలో వ్యక్తుల పేరున్న సాగుభూమిలో 72 శాతం తెల్లవాళ్లదే. జనాభాలో వాళ్లు పదోవంతు కూడా లేరు. అంత నిజాన్ని తీసుకెళ్లి దొంగలకు గొడుగు చేశారు. ఇప్పుడు భూమి మాటెత్తిన ప్రతివాడూ గుప్తాల మనిషిలా కనబడతాడు. తెల్ల భూస్వామికి ఇంతకన్నా ఉపకారం ఎవరు చేస్తారు?

అవతలి పక్షం డెమోక్రాటిక్ అలయన్స్ సంగతి క్లుప్తంగా చాలు. దాని పెద్దమ్మ హెలెన్ జిల్లీ 2017లో, వలసపాలన మిగిల్చిందంతా చెడే కాదంటూ కుళాయి నీళ్లు చూపించారు. ఆ కుళాయి ఎవరి వీధిలో ఉండేదమ్మా? 2024లో ఏఎన్‌సీ 40 శాతానికి జారి ఈ పార్టీనే పక్కన కూర్చోబెట్టుకుంది. జుమా గారు సొంత పార్టీతో 14 శాతం పైగా ఓట్లు తెచ్చుకుని, పేదల పెన్నిధిగా మూడో స్థానంలో నిలిచారు.

అంతకు మూడేళ్ల ముందు, 2021 జులైలో, కోర్టు ధిక్కారానికి ఆయన్ను జైల్లో పెడితే ఆయన సొంత రాష్ట్రం క్వాజులు-నాటాల్ తగలబడింది. దుకాణాలు, గోదాములు బూడిదయ్యాయి. అల్లర్లలో 350 మందికి పైగా పోయారు. ఒకప్పుడు మద్రాసులో ఓడెక్కి చెరకు తోటలకు వెళ్లిన మన తెలుగు కూలీల మునిమనవలు ఉండేదీ ఆ రాష్ట్రంలోని డర్బన్ నగరం చుట్టుపక్కలే. భారతీయుల వీధుల్లో రాత్రుళ్లు కాపలా కాశారు. డర్బన్ దగ్గర భారతీయులు ఎక్కువగా ఉండే ఫీనిక్స్‌లో ఆ కాపలా పేరుతో నల్లవాళ్ల ప్రాణాలు తీసినవాళ్లూ ఉన్నారు, దాచను. న్‌కాండ్లా కూడా ఆ రాష్ట్రంలోదే. ఆ వారమంతా కొలనులో గొట్టం వేసినవాడు లేడు.